మీ ప్రశ్నలు – మా జవాబులు: జేబు కెమెరా

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చిన్న డిజిటల్ కెమెరాల గురించే. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న వాటిని కొందరు బయటికి తీస్తున్నారు, కొందరు సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారు. కెమెరాతో వచ్చిన పుస్తకం మాత్రం ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు. మెనూల్లో పేర్లు కంపెనీని బట్టి మారతాయి గాని గుర్తులు అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే: మెరుపు గీత ఫ్లాష్‌కు, పువ్వు దగ్గరి ఫొటోకు, ప్లస్–మైనస్ ఉన్న చిన్న డబ్బా వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మా ఊరి పండక్కి రాత్రిపూట తప్పెటగుళ్లు ఆడించారు. పాతిక ముప్పై అడుగుల దూరంలో కూర్చుని ఆటోలో పెట్టి తీశాను. ముందు వరసలో వాళ్ల తలకాయలు తెల్లగా వచ్చాయి గాని ఆడేవాళ్లు చీకట్లో కలిసిపోయారు. ఫ్లాష్ ఆపేసి తీస్తే మనుషులు అలుక్కుపోయారు. నేను నొక్కేసరికి గెంతు కూడా అయిపోతోంది. కెమెరా పాడైందంటారా?
– చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: పాడవలేదు. మీరు చెప్పిన మూడు తప్పులకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి.

చిన్న కెమెరా ఫ్లాష్, జూమ్ చేయకుండా ఉంటే, సుమారు 3 నుంచి 4 మీటర్ల దాకా పనిచేస్తుంది. అంటే పది పన్నెండు అడుగులు. జూమ్ చేసినకొద్దీ లెన్స్ లోపలికి తీసుకునే వెలుగు తగ్గుతుంది కాబట్టి ఆ దూరం ఆరేడు అడుగులకు పడిపోతుంది. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. పాతిక అడుగుల అవతల ఉన్నవాళ్లకు ఇక అందేదేముంది? ముందు వరస తలకాయలే దాన్ని తినేస్తాయి. పైగా ఫ్లాష్ వెలిగేటప్పుడు చాలా కెమెరాలు షట్టర్‌ను, అంటే వెలుగును లోపలికి వదిలే తలుపును, సెకనులో అరవయ్యో వంతు (1/60) దగ్గర బిగించేస్తాయి. దాంతో లైట్ల వెలుగు కూడా చాలినంత లోపలికి రాదు.

ఫ్లాష్ ఆపితే ఇదే కథ తిరగబడుతుంది. చాలని వెలుగు కోసం కెమెరా షట్టర్‌ను 1/8 సెకను దాకా తెరిచి ఉంచుతుంది. ఆ లోపు ఆడే మనిషి అరడుగు కదిలిపోతాడు. స్టెబిలైజర్ ఉంది కదా అనుకోవద్దు. అది మీ చెయ్యి వణుకును తగ్గిస్తుంది గాని ఎదుట ఎగిరే మనిషిని ఆపలేదు.

ఇలా చేసి చూడండి. డయల్‌ను ఆటో నుంచి ‘పి’కి (ప్రోగ్రామ్) తిప్పండి. ఆటోలో ఐఎస్‌వో (కెమెరా వెలుగుకు ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె) మీ చేతిలో ఉండదు, ‘పి’లో ఉంటుంది. ఫ్లాష్ ఆపేయండి. ఐఎస్‌వో 800 పెట్టండి. లేచి పదిహేను అడుగుల లోపుకు వెళ్లండి, జూమ్ ముట్టుకోవద్దు. అయిదు రెట్ల జూమ్ ఉన్న మామూలు కెమెరాల్లో జూమ్ లేనప్పుడు లెన్స్ ఎఫ్/3 దరిదాపుల్లో, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/6 దగ్గర ఉంటుంది. ఈ అంకె పెరిగితే లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. వెలుగు నాలుగు రెట్లు తేడా. ఫొటోలో చీకటి భాగం ఎక్కువ కాబట్టి కెమెరా మొత్తాన్నీ వెలిగించాలని చూస్తుంది. ప్లస్–మైనస్ బటన్‌తో మైనస్ 0.7 పెట్టండి. ఆడేవాళ్లు సరిగ్గా వస్తారు, షట్టర్ కూడా వేగం పుంజుకుంటుంది.

బటన్ సగం నొక్కితే స్క్రీన్ కింద షట్టర్ అంకె కనిపిస్తుంది. అది 1/60 కన్నా నెమ్మదిస్తుంటే (1/30, 1/15 అలా) ఐఎస్‌వో 1600 చేయండి. ఫొటోలో ఇసుక రేణువుల్లా చుక్కలు కనిపిస్తాయి, కనిపించనివ్వండి. మామూలు సైజు ప్రింటులో అవి పెద్దగా తెలియవు. అలుక్కుపోయిన మొహాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

ఇక ఆలస్యం సంగతి. బటన్ ఒక్కసారిగా అదిమితే కెమెరా అప్పుడు ఫోకస్ వెతుక్కుంటుంది, చీకట్లో దానికి ఒక సెకను కూడా పట్టొచ్చు. దరువు మారేముందే ఒక ఆటగాడి రొమ్ము మీది తప్పెట రేకు మీద సగం నొక్కి పట్టుకోండి. రేకుకూ చొక్కాకూ మధ్య గీత స్పష్టంగా ఉంటుంది, ఫోకస్ త్వరగా దొరుకుతుంది. స్క్రీన్ మీద ఆకుపచ్చ డబ్బా వెలిగాక వేలు తియ్యకుండా ఆగి, గెంతు పైకి వెళ్లిన చోట మిగతా సగం నొక్కండి. పైకి ఎగిరిన మనిషి కిందికి దిగేముందు ఒక లిప్తపాటు నిలిచినట్టే ఉంటాడు. 1/60తో కూడా మొహం నిలబడేది అక్కడే. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే విన్యాసం అయితే ఇంకా సులువు, 1/30 చాలు.

ప్రశ్న: జాతర ఫొటోల్లో గాల్లో తెల్లటి గుండ్రాలు తేలుతున్నట్టు వచ్చాయి. మా నాయనమ్మ ‘అమ్మోరు తల్లే కనిపించింది’ అంటోంది.
– పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి

జవాబు: అవి దుమ్ము కణాలు. సన్నటి తుంపర పడుతున్నా, మంచు కురుస్తున్నా ఇలాగే వస్తాయి. చిన్న కెమెరాలో ఫ్లాష్ లెన్స్‌కు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. లెన్స్‌కు జానెడు లోపు ఎగురుతున్న కణం ఫ్లాష్ వెలుగుకు మెరుస్తుంది. ఫోకస్ దూరంగా ఉంటుంది కాబట్టి అది చుక్కలా కాక గుండ్రంగా ఉబ్బి కనిపిస్తుంది. అక్కడే ఫ్లాష్ ఆపి ఇంకో ఫొటో తీస్తే ఒక్కటీ రాదు. అన్ని ఫొటోల్లోనూ ఒకే చోట మచ్చ వస్తుంటే అది వేరు, లెన్స్ మీద మరకో లోపల దుమ్మో ఉండొచ్చు. నాయనమ్మతో వాదన మీరే చూసుకోండి.

ప్రశ్న: పొందూరు ఖద్దరు పంచెలు, చీరలు అమ్ముతాం. ఫోన్లో ఫొటో చూసి కొనేవాళ్లు ఎక్కువయ్యారు. తెల్ల పంచె తీస్తే బూడిద రంగులో వస్తోంది. ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చగా మారుతోంది. నేత అసలు కనపడదు. ముదురు రంగు చీరలేమో వెలిసిపోయినట్టు ఉంటున్నాయి.
– పొందూరు నుంచి ఒక దుకాణదారు

జవాబు: తెల్లదీ నల్లదీ రెండూ చెడడానికి కారణం ఒక్కటే. ఎదురుగా ఉన్నది ఏమిటో కెమెరాకు తెలియదు. ఏ దృశ్యమైనా సగటున మధ్యస్థపు బూడిద రంగులో ఉంటుందని లెక్కేసుకుని వెలుగు సరిచేస్తుంది. ఫ్రేమంతా తెల్ల పంచె ఉంటే ‘వెలుగు మరీ ఎక్కువైంది’ అనుకుని తగ్గిస్తుంది, పంచె మాసినట్టు అవుతుంది. ముదురు నీలం చీర చూస్తే పెంచేస్తుంది, రంగు వెలుస్తుంది. కాబట్టి తెల్లబట్టకు ప్లస్ 0.7తో మొదలుపెట్టి అవసరమైతే ప్లస్ 1 చేయండి. ముదురు చీరకు మైనస్ 0.3 నుంచి మైనస్ 0.7. తెల్లబట్టకు ప్లస్ పెట్టడం చాలామందికి వింతగా తోస్తుంది, తెల్లది కాబట్టి తగ్గించాలి కదా అనుకుంటారు. తగ్గించే పని కెమెరా అప్పటికే చేసేసింది. మీరు చేసేది దాన్ని సరిదిద్దడం. ఎక్కడ ఆపాలంటే, తీసిన ఫొటోను పెద్దది చేసి చూడండి. మడతల్లో నేత కనిపించకుండా కాగితంలా తెల్లబడిపోతే ఒక మెట్టు దిగండి.

రంగు సంగతి వెలుగుతో మొదలవుతుంది. పొద్దున ఎనిమిది నుంచి పది లోపు, ఎండ నేరుగా పడని గుమ్మం దగ్గరో కిటికీ దగ్గరో బట్ట పరవండి. లోపలి ట్యూబ్‌లైటు ఆపేయండి, ఇది ముఖ్యం. ఒక పక్క పగటి వెలుగు, ఒక పక్క ట్యూబ్‌లైటు పడుతుంటే ఏ వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే రంగు సర్దుబాటు) కూడా రెంటినీ ఒకేసారి సరిచేయలేదు. మెనూలో వైట్ బ్యాలెన్స్‌కు వెళితే ఎండ, మబ్బు, బల్బు, ట్యూబ్ గుర్తుల తర్వాత చివర్లో ‘కస్టమ్’ ఉంటుంది. బట్ట పెట్టిన చోటే ఒక తెల్ల కాగితం పెట్టి, ఫ్రేమ్ అంతా అదే నిండేలా పట్టుకుని, స్క్రీన్ మీద చూపించిన బటన్ నొక్కండి. ఇక ఆ వెలుగులో తీసినవన్నీ ఒకే రంగులో ఉంటాయి. వెలుగు మారితే మళ్లీ చేయాలి. కాగితం బదులు పంచెనే వాడేయొద్దు. మీ ఖద్దరుకు, ముఖ్యంగా ఎర్రపత్తి నూలుకు, పుట్టుకతో వచ్చిన మీగడ ఛాయ ఉంటుంది. పంచెను చూపించి ‘ఇదే తెలుపు’ అంటే కెమెరా ఆ ఛాయనే కడిగేస్తుంది. మిల్లు బట్టకూ మీ బట్టకూ ఉన్న తేడా ఫొటోలో పోతుంది.

నేత కనపడాలంటే వెలుగు పక్కనుంచి, బట్ట మీద జారుతున్నట్టు పడాలి. ఎదురుగా పడే వెలుగు, ఫ్లాష్ వెలుగు కూడా, పోగుల నీడలను చెరిపేస్తాయి. కెమెరాను స్టాండు మీదో పుస్తకాల దొంతర మీదో పెట్టండి. ఐఎస్‌వో 80 లేదా 100, అంటే మీ కెమెరాలో ఉన్న అతి చిన్న అంకె. 2 సెకన్ల సెల్ఫ్‌టైమర్ పెడితే నొక్కినప్పటి కుదుపు ఫొటోలోకి రాదు. స్టాండు మీద ఉన్నప్పుడు స్టెబిలైజర్ ఆపేయడం మంచిది.

సన్న నేతకు ఇంకో చిక్కుంది. పోగుల వరసలూ, కెమెరా లోపలి సెన్సర్ గళ్ల వరసలూ ఒకదానిమీద ఒకటి పడి అలలు అలలుగా రంగు చారలు వస్తాయి. కొన్నవాళ్లు ‘చీరలో డాగు ఉందా’ అని అడుగుతారు. కెమెరాను జానెడు ముందుకో వెనక్కో జరపండి, లేదా బట్టను కాస్త వాలుగా తిప్పండి, పోతాయి. పెద్దది చేసి చూస్తే చారలు లేకుండా, చిన్నది చేసినప్పుడే కనిపిస్తే తప్పు స్క్రీన్‌ది, ఫొటో బాగానే ఉన్నట్టు.

ప్రశ్న: బొబ్బిలి వీణ చివరి యాళి ముఖం చెక్కడాన్ని దగ్గర్నుంచి తీద్దామంటే ఫోకస్ కుదరడం లేదు. పువ్వు గుర్తు పెట్టే తీస్తున్నాను.
– బొబ్బిలి నుంచి ఒక విద్యార్థిని

జవాబు: పువ్వు గుర్తు పెట్టి జూమ్ కూడా చేస్తున్నట్టున్నారు. ఆ గుర్తు పద్ధతి, అంటే మ్యాక్రో, జూమ్ చేయనప్పుడే బాగా పనిచేస్తుంది. అక్కడ చాలా కెమెరాలు 3 నుంచి 5 సెంటీమీటర్ల దాకా దగ్గరికి రానిస్తాయి. పూర్తిగా జూమ్ చేస్తే అరమీటరు లోపల ఏదీ ఫోకస్ కాదు. జూమ్ వెనక్కి లాగేసి, కెమెరాతోనే మీరు ముందుకు వెళ్లండి.

అయితే మరీ 3 సెంటీమీటర్లకు పోవద్దు. లెన్స్ నీడ చెక్కడం మీదే పడుతుంది, ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోయినట్టు ఆకారం కూడా వంకర తిరుగుతుంది. పదిహేను సెంటీమీటర్లలో తీసి, కావలసినంత కత్తిరించుకోండి. ఫోకస్ డబ్బాను మధ్యకు పెట్టి యాళి కన్ను మీద సగం నొక్కి పట్టుకుని, తర్వాత ఫ్రేమ్ సర్దుకోండి. సర్దేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊగితే ఫోకస్ పోతుంది, పక్కకు మాత్రమే కదపండి. పాలిష్ పెట్టిన పనస చెక్క అద్దంలా మెరుస్తుంది కాబట్టి ఫ్లాష్ వద్దే వద్దు.

ప్రశ్న: తేలినీలాపురం పక్షులను తీయడానికి నా 5 రెట్ల జూమ్ కెమెరా చాలుతుందా? స్క్రీన్ మీద 20 రెట్లు చూపిస్తోంది.
– టెక్కలి నుంచి

జవాబు: ఒక్క పక్షి మొహానికైతే చాలదు. ఆ 20లో 5 మాత్రమే లెన్స్ చేసే పని. మిగతాది ఫొటో మధ్య భాగాన్ని కత్తిరించి సాగదీయడం, అది ఇంట్లో కంప్యూటర్‌లో మీరూ చేసుకోవచ్చు. జూమ్ చేసేటప్పుడు స్క్రీన్ మీద పట్టీలో ఒక గీత వస్తుంది, అక్కడితో ఆగండి. లేదా మెనూలో డిజిటల్ జూమ్ ఆపేయండి.

ఆ కెమెరాతో చేయదగ్గది చెట్టును తీయడం. చింతచెట్టు నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉన్న దృశ్యానికి 5 రెట్లు ధారాళంగా సరిపోతుంది. పొద్దునే, ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ఐఎస్‌వో 200, ఎగిరేవాటికైతే 400 పెట్టి షట్టర్ 1/500 వచ్చేలా చూసుకోండి. వరస ఫొటోలు తీసే పద్ధతి వాడితే చాలా కెమెరాలు మొదటి ఫొటోకు పట్టుకున్న ఫోకస్‌తోనే మిగతావన్నీ తీస్తాయి. అందుకని మీ వైపు ఎగిరి వచ్చేదాన్ని వదిలేసి, అడ్డంగా వెళ్లేదాన్ని పట్టుకోండి. ఎగరేయడానికి చప్పట్లు కొట్టడం, రాళ్లు విసరడం చేయొద్దు. గూట్లో పిల్లలుంటాయి.

ప్రశ్న: సిరిమానోత్సవంలో సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) మీది పూజారి నల్లటి బొమ్మలా వచ్చారు. ఆకాశం మాత్రం తెల్లగా ఉంది.
– విజయనగరం నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: వెనకాల అంతా ఆకాశమే. దాని వెలుగును చూసి కెమెరా మొత్తాన్ని తగ్గించేసింది. ప్లస్ 1 పెట్టండి, సూర్యుడు సిరిమాను వెనకే ఉంటే ప్లస్ 1.3 కూడా అవసరం పడొచ్చు. ఆకాశం పూర్తిగా తెల్లబడుతుంది, దాన్ని పట్టించుకోవద్దు. వీలైతే ఎండ పూజారి మొహం మీద పడే వైపు, అంటే పడమర మీ వెనక ఉండే వైపు చోటు చూసుకోండి. దీనికి ఏ బటనూ అక్కర్లేదు గాని మధ్యాహ్నమే వెళ్లి నిలబడాలి.

సిరిమాను మూడులాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోటకు మూడుసార్లు తిరుగుతుంది. ఫొటోగ్రాఫర్‌కు ఇంతకన్నా వరం లేదు. మొదటి తిరుగుడుకు ఒకటి ప్లస్ లేకుండా, ఒకటి ప్లస్ 0.7తో, ఒకటి ప్లస్ 1.3తో తీసి చూసుకోండి. రెండో తిరుగుడుకు బాగా వచ్చిన దానితో జూమ్ చేసి తీయండి. మూడోసారికి పొద్దు వాలుతుంది. ఐఎస్‌వో 200 ఉన్నదాన్ని 800కి మార్చడం మరిచిపోతే అన్నీ చెదిరిపోతాయి. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వస్తాయి కదా, అవి కనిపించగానే కెమెరా ఆన్ చేసి జూమ్ సర్దుకుని ఉండాలి. జనం తలల పైకి చెయ్యెత్తి తీసేవాళ్లు తాడును మణికట్టుకు వేసుకోండి. సిరిమాను మీదికి విసిరే అరటిపళ్లు మీకు కూడా తగులుతాయి.

ప్రశ్న: సెల్ఫ్‌టైమర్ పెట్టి గ్రూపు ఫొటో తీస్తే వెనక గోడ బాగుంటోంది, మేం మాత్రం మసగ్గా ఉంటున్నాం.
– రాజాం నుంచి

జవాబు: టైమర్ పెట్టినా ఫోకస్ కుదిరేది మీరు బటన్ నొక్కిన క్షణంలోనే, పది సెకన్ల తర్వాత కాదు. నొక్కేటప్పుడు మధ్యలో మీ చోటు ఖాళీగా ఉంది, కెమెరా గోడను పట్టుకుంది. కెమెరా వెనక నిలబడి, అప్పటికే నిలబడ్డ ఒకరి మొహం మీద సగం నొక్కి, పూర్తిగా అదమండి. మీరు చివర నిలబడితే పరిగెత్తే దూరమూ తగ్గుతుంది.

ప్రశ్న: బారువ బీచికి వెళ్లొచ్చాక లెన్స్ సగం బయటికి వచ్చి ఆగిపోయింది. ‘లెన్స్ ఎర్రర్’ అని చూపిస్తోంది.
– సోంపేట నుంచి

జవాబు: లెన్స్ గొట్టాల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంది. మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు, లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రాలు అరిగి విరుగుతాయి. చేత్తో నెట్టొద్దు, నోటితో ఊదొద్దు, తేమ లోపలికి పోతుంది. బ్యాటరీ తీసేసి, లెన్స్ కిందికి చూసేలా పట్టుకుని, గొట్టం చుట్టూ ఉన్న సందులో రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. పొడి బ్రష్‌తో సందు చుట్టూ తుడవండి. పూర్తిగా ఛార్జ్ చేసిన బ్యాటరీ వేసి ఒక్కసారి ఆన్ చేయండి. ఛార్జ్ తక్కువైనా ఇదే ఎర్రర్ రావచ్చు, అది ముందే తేలిపోవాలి. కదలకపోతే మెకానిక్‌కు ఇవ్వండి. అక్కడ చెప్పిన ధర అలాంటిదే సెకండ్‌హ్యాండ్ కెమెరా ధరకు దగ్గర్లో ఉంటే బాగుచేయించడం దండగ. ఇకమీదట గాలి వీచే ఒడ్డున కెమెరాను ఆన్‌లో ఉంచి తిరగొద్దు. లెన్స్ లోపలికి వెళ్లేటప్పుడు తన మీద పడ్డ ఇసుకను కూడా లాక్కుపోతుంది.

ప్రశ్న: పెళ్లి పందిట్లో వీడియో తీస్తే ఎల్‌ఈడీ లైట్ల కింద అడ్డచారలు పాకుతున్నాయి.
– నెల్లిమర్ల నుంచి

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా చవక లైట్లు దానితోపాటు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరా 60 హెర్ట్జ్ దేశాల సెట్టింగులో ఉండి ఉంటుంది. సెటప్ మెనూలో వీడియో పద్ధతిని ‘పాల్’కు, ఫ్లికర్ అని విడిగా ఉంటే 50కి మార్చండి. షట్టర్ మార్చే వీలుంటే 1/50 లేదా 1/100.

ప్రశ్న: 2008 నాటి కెమెరాలో 64 జీబీ కార్డు వేస్తే ‘కార్డ్ ఎర్రర్’ అంటోంది. బ్యాటరీ తీసినప్పుడల్లా తేదీ కూడా మొదటికి పోతోంది.
– పలాస నుంచి

జవాబు: 64 జీబీ కార్డులు ఎస్‌డీఎక్స్‌సీ రకం, అవి 2009లో వచ్చాయి. మీ కెమెరా వాటికన్నా ముందుది. కార్డు పెట్టే చోట ‘ఎస్‌డీహెచ్‌సీ’ అని ఉంటే 32 జీబీ దాకా పనిచేస్తుంది, 8 లేదా 16 తీసుకుంటే ఇంకా నిశ్చింత. ఒట్టి ‘ఎస్‌డీ’ అని మాత్రమే ఉంటే 2 జీబీ. కొత్త కార్డును కంప్యూటర్‌లో కాక కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి. ‘రాయడానికి వీల్లేదు’ అని చూపిస్తే కార్డు పక్కనున్న బుల్లి మీట కిందికి జారిందేమో చూడండి.

తేదీని నిలబెట్టే చిన్న బ్యాటరీ చాలా కెమెరాల్లో లోపలే ఉంటుంది, పెద్ద బ్యాటరీ నుంచే ఛార్జ్ అవుతుంది. ఏళ్ల తరబడి ఖాళీగా పడుంటే అది పూర్తిగా దిగిపోతుంది. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీ వేసి, ఒక రోజంతా అలాగే ఉంచి, తర్వాత తేదీ పెట్టండి. అప్పటికీ నిలవకపోతే ఆ చిన్న బ్యాటరీ చచ్చిపోయినట్టే. ఫొటో మీద తేదీ ముద్రించే సెట్టింగు మాత్రం ఆపేయండి. తప్పు తేదీ ఒకసారి ఫొటోలో పడిందంటే దాన్ని చెరపడం పెద్ద పని.